నెలకు పాతిక వేలతో శ్రీకాకుళంలో కుటుంబం గడుస్తుందా?

వంశధార_వాసి
డిసెంబరు 6, 2025, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెళ్లికి ముందే హైదరాబాదు వచ్చేశాను. ఇప్పుడు మియాపూర్ వైపు అద్దెకుంటున్నాం. ఒక ప్రైవేటు సంస్థలో ఖాతాలు చూస్తాను. చేతికి 41 వేలు వస్తుంది. అద్దె, కరెంటు, నీళ్లు, అపార్టుమెంటు నిర్వహణ కలిపి 15 వేలు దాటుతోంది. ఇద్దరు పిల్లల బడి ఫీజు, బస్సు ఫీజు నెలలకు సర్దితే పది వేలు. మిగిలినదాంట్లోనే తిండి, పెట్రోలు, మందులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే నాలుగు వేలు. సంక్రాంతికి ఊరు రావాలంటే అప్పు చేయాల్సి వస్తోంది.

శ్రీకాకుళంలో ఒక వాహనాల షోరూములో ఇదే పనికి నెలకు 25 వేలు ఇస్తామంటున్నారు. నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు, దగ్గర ఉండాలని ఉంది. పాతిక వేలతో నలుగురం బతకగలమా? అక్కడే ఉంటున్నవాళ్లు లెక్కలతో చెప్పండి. నాకు ధైర్యం కంటే లెక్క ముఖ్యం.


ఏడురోడ్ల_దగ్గర
డిసెంబరు 6, ఉదయం 8.15

వచ్చేయండి తమ్ముడూ. రెండు పడకగదుల ఇల్లు ఆరున్నర వేల నుంచి ఎనిమిది వేలకు దొరుకుతుంది. నీటికి వేరే బిల్లు ఉండదు. బండి మీద పది నిమిషాల్లో ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోవచ్చు. అద్దెలో, ప్రయాణంలో మిగిలేదే నెలకు పది వేలు. ఇంకేం కావాలి?


మూడులాంతర్ల_కిరాణా
డిసెంబరు 6, ఉదయం 10.02

విజయనగరంలో మాది నాన్నగారి కాలం నాటి కిరాణా కొట్టు. అద్దె గురించి పైన రాసింది నిజమే. కానీ చిన్న ఊరు గనక సరుకులు చౌక అనుకుని రాకండి. సబ్బు, టూత్‌పేస్టు, టీపొడి, బిస్కట్లు, పిల్లల పాలపొడి అన్నిటికీ ప్యాకెట్ మీద ముద్రించిన ధరే. మియాపూర్‌లో ఎంతో ఇక్కడా అంతే. పైగా అక్కడ పెద్ద మాల్స్ ఇచ్చే తగ్గింపు నాలాంటివాడు ఇవ్వలేడు, నాకు వచ్చే సరుకే ఆ ధరకు రాదు.

బియ్యం సంగతి చూడండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి పేరు ముద్రించిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఆ పన్ను పడకుండా మిల్లులు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టాయి. నెలంతటికీ ఒకేసారి బస్తా కొనగలిగిన ఇంటికి ఆ పన్ను లేదు. ఐదు కిలోలు, పది కిలోల సంచీ కొనే ఇంటికి ఉంది. రోజు కూలీ మీద బతికేవాళ్లు మా కొట్లో కొనేది ఆ చిన్న సంచీలే. ఇది నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న విషయం.

నూనె మరో కథ. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి వచ్చేదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది, పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేస్తే మా వీధిలో పకోడీల బండివాళ్లు పొట్లంలో రెండు పకోడీలు తగ్గించారు. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వమే ముడి నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. నూనెగింజల రైతుకు ధర రావాలని చేశామన్నారు, అందులో న్యాయం ఉంది. కానీ దసరా ముందు ఆ బరువంతా వంటింటి మీద పడింది. 2025 మే చివర 16.5 శాతానికి తగ్గించారు. పెరిగినప్పుడు వారంలోనే కొత్త ధర మా దాకా వచ్చింది, తగ్గినప్పుడు నెలలు పట్టింది.

నలుగురికి సరుకులు, కూరలు, పాలు, వారానికోసారి కోడిమాంసమో చేపలో కలిపి పది వేలకు తగ్గవు. ఈ లెక్క పక్కాగా రాసుకోండి.


గరివిడి_కుర్రాడు
డిసెంబరు 6, ఉదయం 10.40

ధరలు అసలు పెరగడమే లేదు, ద్రవ్యోల్బణం 0.25 శాతమే అని మొన్న టీవీలో చెప్పారు. మరి మా అమ్మ ప్రతి నెలా డబ్బులు చాలడం లేదంటోంది. ఎవరిది నిజం?


అర్థశాస్త్రం_మాస్టారు
డిసెంబరు 6, మధ్యాహ్నం 12.30

బాబూ, ఇద్దరిదీ నిజమే. నేను జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కాస్త ఓపికగా చదవండి.

2025 అక్టోబరులో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 0.25 శాతం. ఆ సూచీ మొదలైన తర్వాత ఇదే అతి తక్కువ. ఆహార ధరలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 5 శాతం తగ్గాయి. అయితే ఆ అంతకుముందు ఏడాది ఎలాంటిది? 2024 అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.21 శాతం, ఆహారంలో 10.87 శాతం. అంటే నిరుడు చుక్కలంటిన ధరలతో పోల్చి ఈ ఏడాది తగ్గాయని చెబుతున్నారు. 100 రూపాయల సరుకు నిరుడు 111 అయి, ఈసారి 105 అయితే లెక్కల్లో ధర తగ్గినట్టే. మీ అమ్మగారి చేతిలోంచి మాత్రం ఆ 105 పోతోంది. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింపులు వచ్చాయి, వాటి ప్రభావమూ కొంత ఉంది.

రెండో సంగతి బరువులది, అంటే సూచీలో ఒక్కో రకం ఖర్చుకు ఇచ్చే వాటాది. 2012 ఆధారంగా కట్టిన ఈ సూచీలో ఆహార పానీయాలకు 45.86 శాతం బరువు ఉంది. వైద్యానికి 5.89, విద్యకు 4.46. గ్రామీణ సూచీలో ఇంటి అద్దెకు అసలు బరువే లేదు. ఇది దేశం మొత్తం ఇళ్ల సగటు. ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడికి పంపుతూ, మంచాన ఉన్న తండ్రికి మందులు కొంటున్న ఇంటి లెక్క ఇందులో కనిపించదు. టమాటా చౌకైనందుకు సూచీ దిగుతుంది, ఫీజు పెరిగినందుకు ఆ ఇల్లు కుంగుతుంది.

కేంద్రం చేసిన గృహ వినియోగ సర్వే చూస్తే మన దేశంలో సగటు ఖర్చు ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. 2023-24లో మనిషికి నెలకు గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. గ్రామాల్లో అందులో 47 శాతం తిండికే పోయింది. వంశధార_వాసి గారి నలుగురికి పట్టణ సగటు వేస్తే 28 వేలు. వారు అడుగుతున్నది పాతిక వేలతో గడుస్తుందా అని. గడవడానికి గడుస్తుంది, కానీ ఇరుకుగా.


ఉద్దానం_ఆడపడుచు
డిసెంబరు 6, మధ్యాహ్నం 2.05

మాస్టారూ, వైద్యానికి 5.89 శాతం అన్నారే, మా కవిటి, సోంపేట, కంచిలి వైపు వచ్చి ఒక్క వీధి చూడండి. కిడ్నీ జబ్బు లేని ఇళ్లు తక్కువ. మా మామయ్యకు డయాలసిస్ ఉచితమే, ప్రభుత్వం నెలకు పది వేల పింఛనూ ఇస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు, హిరమండలం జలాశయం నీళ్లు పైపుల్లో తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఇవన్నీ మేలు చేసినవే, ఆ మాట గట్టిగా చెబుతాను. అయినా వారానికి రెండు మూడుసార్లు రోగిని తీసుకెళ్లే మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. ఆటో, తిండి, ఉచితంగా దొరకని మందులు సరేసరి. ఇంట్లో సంపాదించే ఇద్దరిలో ఒకరు మంచం పడితే రెండోవాళ్లు తోడు వెళ్లక తప్పదు. ఆ ఇంటికి ఆదాయమే ఆగిపోతుంది. దాన్ని ఏ సూచీ కొలుస్తుంది?

మాకు తోటలు ఉన్నాయి కదా అంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. కొబ్బరి మొక్క పెట్టి కాయ చూడాలంటే ఐదారేళ్లు. ఆ ఐదారేళ్లూ మా మగవాళ్లు చెన్నై, హైదరాబాదు వెళ్లి కూలి చేశారు. తిరిగి కాపు మొదలయ్యేసరికి తెల్లదోమ పట్టింది. ఈ ఏడాది కొబ్బరికి మంచి ధర వచ్చిందని అందరూ అంటున్నారు. ధర ఉంది, చెట్టు మీద కాయ లేదు.


జీడితోట
డిసెంబరు 6, మధ్యాహ్నం 2.50

ఆడపడుచు గారూ, జీడిపిక్కల సంగతీ రాయండి. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇప్పించాలని రైతులు ఎంతకాలంగా అడుగుతున్నారో! పలాస, కాశీబుగ్గ కర్మాగారాలకు మన పంట చాలదు గనక ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పించుకుంటారు. మన పిక్క కోతకొచ్చే వేళకు ఆ సరుకు గోదాముల్లో ఉంటే మాకు ధర పలకదు. అదే జీడిపప్పు కిలో కొనబోతే ఎంతో అందరికీ తెలుసు. పప్పు పొట్టు తీసి, ముక్కలు ఏరే ఆడవాళ్లకు కిలోకింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.


నాగావళి_రైతు
డిసెంబరు 6, సాయంత్రం 5.20

ఇప్పుడు మా కళ్లంలో ధాన్యం ఉంది కాబట్టి రాస్తున్నాను. ఈ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369. మేము కొలిచే 80 కిలోల బస్తాకు 1,895 రూపాయలు. తేమ ఎక్కువుందని, తూకంలో కొంత ఎక్కువ ఇవ్వాలని కోత పెడితే అదీ రాదు. అంటే కిలో ధాన్యం 23 రూపాయల 69 పైసలు. మా ఇంట్లో పిల్లలు తినే సన్నబియ్యం కిలో 55 పెట్టి కొంటున్నాం. ధాన్యం బియ్యం అయ్యేసరికి మూడోవంతు పోతుందని నాకూ తెలుసు, మిల్లు ఖర్చూ తెలుసు. అయినా పండించినవాడికీ తినేవాడికీ మధ్య ఇంత దూరం ఉండకూడదు.

ఉపాధి హామీ కూలి ఈ ఏడాది 307. కోతల రోజుల్లో మా వైపు ఆడవాళ్లకు 400, మగవాళ్లకు 600 ఇస్తేగాని రావడం లేదు. వాళ్లు అడగడం తప్పు కాదు, వాళ్లూ అదే నూనె కొనాలి. నాకు మాత్రం ఎకరా మీద మిగిలేది కౌలు పోతే సున్నా. అందుకే మా అబ్బాయి విశాఖలో కంపెనీ పనికి వెళ్లాడు.


సిక్కోలు_దమ్మాం
డిసెంబరు 6, రాత్రి 9.10

సౌదీలో వెల్డర్‌ని. ఇక్కడివాళ్ల లెక్క కూడా వినండి. మొన్న రూపాయి డాలరుకు 90 దాటింది. రియాల్ డాలరుకు 3.75 దగ్గర కట్టి ఉంటుంది కాబట్టి ఒక రియాల్‌కు ఇప్పుడు 24 రూపాయలు. నేను వచ్చిన కొత్తలో పంతొమ్మిది ఉండేది. పంపే రియాళ్లు అవే, ఇంటికి చేరే రూపాయలు పెరిగాయి. మా ఆవిడ సంతోషించింది. కానీ అదే రూపాయి పడిపోవడం వల్ల వంటనూనె, పెట్రోలు, బంగారం అన్నీ పెరుగుతాయి కదా. చెల్లి పెళ్లికి బంగారం కొందామని డబ్బు కూడబెడుతున్నాను. ఈ ఏడాదే పది గ్రాములు లక్ష దాటి ఇంకా పైకి పోయింది. రియాల్‌లో వచ్చిన లాభం బంగారంలో పోయింది.

వంశధార_వాసి అన్నా, ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే నాకు మొదటి ఏడాదంతా పట్టింది. నాన్నను చూసుకునే అవకాశం నీకు దొరికింది. పోగొట్టుకోవద్దు.


ఇచ్ఛాపురం_సరిహద్దు
డిసెంబరు 7, ఉదయం 6.55

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రహదారుల సెస్సు ఇంకో రూపాయి. లీటరు 109 దాటింది. సరిహద్దు దాటి ఒడిశా బంకులో పోయించుకుంటే దాదాపు ఎనిమిది రూపాయలు తక్కువ. మా ఊళ్లో బండి ఉన్న ప్రతివాడూ అటే వెళ్తాడు, లారీలు సరేసరి. ఇటువైపు బంకులు వెలవెలబోతున్నాయి. ఎక్కువ పన్ను వేసి రాష్ట్రం ఏం సంపాదించిందో నాకు అర్థం కాదు. కూరగాయల ఆటో నుంచి స్కూలు బస్సు దాకా ప్రతి అద్దెలోనూ ఈ పన్ను ఉంది.


రాజాం_యువకుడు
డిసెంబరు 7, ఉదయం 9.30

అందరూ ఖర్చుల గురించే మాట్లాడుతున్నారు. నాకు కోపం ఆదాయం గురించి. హైదరాబాదులో 41 వేలు ఇచ్చే పనికి శ్రీకాకుళంలో 25 వేలే ఎందుకు? పని తక్కువా, చదువు తక్కువా? పనికోసం నిలబడ్డవాళ్లు ఎక్కువ, పనిచ్చేవాళ్లు నలుగురు. ఆమదాలవలస చక్కెర కర్మాగారం మూతపడి ఎన్నేళ్లయింది! విజయనగరం జిల్లాలో జనపనార మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో లోహాల పరిశ్రమలు కరెంటు ధర తట్టుకోలేక కొలిమిలు ఆర్పేశాయి. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న శ్రీకాకుళం జిల్లా నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి వేరేవాళ్ల పడవల్లో కూలి చేస్తారు. 2018లో అక్కడినుంచే వేటకు వెళ్లి పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు మనవాళ్లు. మన తీరంలో సరైన రేవులు ఉంటే వాళ్లు అంత దూరం వెళ్లేవాళ్లా?

మూలపేట ఓడరేవు, భోగాపురం విమానాశ్రయం వస్తున్నాయి. రెండింటికీ 2023లో శంకుస్థాపన జరిగింది. భోగాపురం చుట్టూ ఇప్పటికైతే పెరిగింది భూముల ధరలే. ఉద్యోగాలు ఎంతమంది స్థానికులకు వస్తాయో చూడాలి. అన్నగారు పిల్లల చదువయ్యేదాకా హైదరాబాదులోనే ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం.


నెల్లిమర్ల_అమ్మాయి
డిసెంబరు 7, ఉదయం 11.15

రాజాం అన్నయ్యా, మిల్లుల సంగతి నేను చెబుతాను. మా నాన్న జనపనార మిల్లు కార్మికుడు. లాకౌట్ ప్రకటించిన ప్రతిసారీ మా ఇంట్లో మొదట ఆగింది పాలు, తర్వాత ట్యూషన్. ఒకప్పుడు మన జిల్లాల్లోనే గోగు విరివిగా పండేది, నార ఇక్కడే దొరికేది. రైతులు గోగు వదిలేశాక ముడిసరుకు బెంగాల్ నుంచి రావాలి. అటు ప్లాస్టిక్ సంచులు వచ్చి పడ్డాయి. ఆహారధాన్యాలు జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో చేసిన చట్టం ఉన్నా, కిరాణా బాబాయి గారు చెప్పిన 26 కిలోల బస్తా ప్లాస్టిక్‌దే కదా.

నేను అసలు రాయాలనుకున్నది వేరే. వంశధార_వాసి గారు తన జీతం ఒక్కటే లెక్కలో వేశారు. మీ శ్రీమతి గారు ఏమైనా చేయాలనుకుంటున్నారా? ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక నేను విజయనగరంలో ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో చేరాను. జీతం 11 వేలు. అంతకుముందు రానూపోనూ చార్జీలకే నెలకు రెండు వేలకు దగ్గరగా అయ్యేది, ఆ జీతానికి గిట్టుబాటు కాదని మా అమ్మ వద్దనేది. ఇప్పుడు మా వీధిలోంచి ఐదారుగురం ఒకే బస్సుకు వెళ్తున్నాం. ఒక చార్జీ పోతే ఒక ఉద్యోగం వచ్చింది. ఇలాంటిది పెద్ద పెద్ద అంకెల్లో ఎక్కడా కనిపించదు.


వంశధార_వాసి
డిసెంబరు 7, మధ్యాహ్నం 1.00

అందరికీ కృతజ్ఞతలు, ప్రతి మాటా ఇద్దరం కలిసి చదివాం. మా ఆవిడ డిగ్రీ చేసింది, ఇక్కడ పిల్లల్ని చూసుకునేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడైతే అమ్మ ఉంటుంది. ఒకటి అడుగుతున్నాను. పట్టణంలో ఇల్లు తీసుకోకుండా ఊళ్లోనే ఉండి రోజూ నరసన్నపేట నుంచి వచ్చిపోతే?


ఏడురోడ్ల_దగ్గర
డిసెంబరు 7, మధ్యాహ్నం 1.25

జాతీయ రహదారే కాబట్టి ప్రయాణం ఇబ్బంది లేదు. పిల్లల బడి నరసన్నపేటలో చూసుకోవచ్చు. అద్దె మొత్తం మిగులుతుంది, బండి పెట్రోలుకు మూడు వేలు వేసుకోండి. బస్సైతే ఇంకా తక్కువ.


అర్థశాస్త్రం_మాస్టారు
డిసెంబరు 7, సాయంత్రం 4.45

ఊళ్లో ఉంటే మీ లెక్క మారిపోతుంది. సరుకులకు పది వేలు, బడికి నాలుగు, ప్రయాణానికి మూడు, కరెంటు, ఫోను, గ్యాసు కలిపి రెండు, నాన్నగారి మందులకు మూడు. ఇరవై రెండు వేలు. అమ్మానాన్నలకు పంపే నాలుగు వేలు ఇక వేరుగా లేవు. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు 13 వేలు ఈ జూన్‌లో వేశారు. మీకు వర్తిస్తుందో లేదో గ్రామ సచివాలయంలో కనుక్కోండి, అర్హతకు ఆదాయ పరిమితి ఉంటుంది.

చేరేముందు మాత్రం రెండు విషయాలు తేల్చుకోండి. వాళ్లు చెప్పిన 25 వేలు భవిష్యనిధి కోతకు ముందా, తర్వాతా? 15 వేల పరిమితి మీద 12 శాతం వేసినా నెలకు 1,800 తగ్గుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వైద్య సదుపాయం 21 వేల వరకూ జీతం ఉన్నవారికే. పాతిక వేల జీతానికి మీకు అది వర్తించదు. మన జిల్లాలో పెద్ద జబ్బు వస్తే విశాఖ పరుగెత్తాలి, అక్కడ వారం రోజులు ఉంటే రోగి ఖర్చు కంటే తోడున్నవాళ్ల ఖర్చే భయపెడుతుంది. ఉద్దానం అమ్మాయి రాసింది మళ్లీ ఒకసారి చదవండి. అమ్మానాన్నల ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. మీ నలుగురికీ వేరే ఆరోగ్య బీమా తీసుకోండి. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. నెలకు 1,500 దీనికి పక్కన పెట్టండి, మరే ఖర్చైనా దీని తర్వాతే.


రాజాం_యువకుడు
డిసెంబరు 7, సాయంత్రం 5.10

మాస్టారి లెక్కలో పిల్లల పై చదువు లేదు. ఇంటర్‌కు వచ్చాక ఏం చేస్తారు?


అర్థశాస్త్రం_మాస్టారు
డిసెంబరు 7, సాయంత్రం 5.40

ఆ ప్రశ్నకు పాతిక వేల జీతం ఒక్కదానిలో జవాబు లేదు బాబూ. అందుకే వారి శ్రీమతి గారి ఉద్యోగం గురించి నెల్లిమర్ల అమ్మాయి అడిగింది ఈ చర్చలో అన్నిటికంటే అవసరమైన ప్రశ్న అనుకుంటున్నాను.


వంశధార_వాసి
డిసెంబరు 7, రాత్రి 8.20

రేపు సోమవారం షోరూముకు ఫోను చేసి భవిష్యనిధి సంగతి, సిబ్బందికి గ్రూపు బీమా ఏమైనా ఉందా అన్నది అడుగుతాను. నెల్లిమర్ల అమ్మాయి గారూ, శ్రీకాకుళంలో అలాంటి డయాగ్నస్టిక్ కేంద్రాల్లో డిగ్రీ చేసినవారికి రిసెప్షన్, బిల్లింగ్ పనులు ఉంటాయా? మా ఆవిడ అడుగుతోంది.


నెల్లిమర్ల_అమ్మాయి
డిసెంబరు 7, రాత్రి 8.50

ఉంటాయి. కంప్యూటర్‌లో బిల్లులు కొట్టడం వస్తే చాలు, తొమ్మిది వేల నుంచి మొదలుపెడతారు. సంక్రాంతి తర్వాత చాలామంది మానేస్తారు, అప్పుడు ఖాళీలు వస్తాయి. అక్కను జనవరి మూడో వారంలో దరఖాస్తు పెట్టమనండి.